‘సమాన ఆధిపత్యం’: లూసీ నాక్స్ 1777 నాటి లేఖ – ఒక పునఃపఠనం

తెలుగులో లేఖాసాహిత్య విమర్శ ప్రధానంగా రచయితల లేఖల చుట్టూ సాగింది. గురజాడ లేఖలు ఆయన రచనల వెనుక ఉన్న ఆలోచనలకు ఆధారాలుగాను, చలం ప్రేమలేఖలు భావగీతానికి దగ్గరైన వచనంగాను పరిశీలన పొందాయి. కనుపర్తి వరలక్ష్మమ్మ ‘గృహలక్ష్మి’ పత్రికలో రాసిన శారద లేఖలు సంఘసంస్కరణ సాధనంగా లేఖారూపాన్ని ఎన్నుకొన్న రచనలుగా గుర్తింపు పొందాయి. ఈ మూడింటిలోనూ కలం పట్టినవారు రచయితలే. రచయిత్రి కాని ఒక స్త్రీ, అచ్చవుతుందన్న ఊహ లేకుండా, భర్త ఒక్కడే చదవడానికి రాసిన ఉత్తరాన్ని సాహిత్యవిమర్శ ఏ పనిముట్లతో చదవాలన్న ప్రశ్న వీటి పక్కన మిగిలిపోతుంది. అమెరికా స్వాతంత్ర్యయుద్ధ కాలంలో ఫిరంగిదళాధిపతి హెన్రీ నాక్స్‌కు ఆయన భార్య లూసీ 1777 ఆగస్టు 23న బోస్టన్ నుంచి రాసిన లేఖ ఆ ప్రశ్నకు తగిన ఉదాహరణ. నాక్స్ దంపతుల పత్రాలు ఇప్పుడు న్యూయార్కులోని గిల్డర్ లేర్మన్ సంగ్రహంలో పదివేలకు పైగా ఉన్నాయి. వారి యుద్ధకాలపు ఉత్తర ప్రత్యుత్తరాలను ఫిలిప్ హామిల్టన్ 2017లో గ్రంథరూపంలో వెలువరించాడు.

ఈ లేఖకు వచ్చిన కీర్తి అంతా ఒక్క వాక్యానిది. తన ఇంటికి తానే సర్వసేనానినని భర్త అనుకోవద్దనీ, సమాన ఆధిపత్యమనేది కూడా ఒకటి ఉందని అతడు నమ్మాలనీ లూసీ అందులో కోరుతుంది. స్త్రీల చరిత్రను గురించిన రచనలలో ఆ వాక్యం పదే పదే కనిపిస్తుంది. అయితే తరచుగా మధ్యలో మూడు చుక్కలతో కనిపిస్తుంది. ఆ చుక్కల చోట మూలంలో ఒక చిన్న ఉపవాక్యం ఉంది: దు కూడ్రే వ్యవహారంలో మాత్రం కాదులే, అన్న అర్థమిచ్చే మాట. దాన్ని తొలగిస్తే వాక్యం నినాదమవుతుంది. ఉంచితే ఏమవుతుందన్నదే ఇక్కడి విచారణ.

లూసీ 1756లో బోస్టన్‌లో పుట్టింది. తండ్రి టామస్ ఫ్లకర్ మసాచుసెట్స్ ప్రావిన్సుకు రాజప్రతినిధి ప్రభుత్వంలో కార్యదర్శి. తల్లి మెయిన్ ప్రాంతంలో విస్తారమైన భూములు గల వాల్డో కుటుంబపు ఆడపడుచు. అలాంటి ఇంటి పిల్ల పుస్తకాల దుకాణం నడుపుకొనే హెన్రీ నాక్స్‌ను 1774 జూన్‌లో పెద్దల ఇష్టానికి విరుద్ధంగా పెళ్ళాడింది. నాక్స్ సైనికవిద్య ఏ పాఠశాలలోనూ నేర్వలేదు. తన దుకాణంలోని పుస్తకాలు చదివి ఫిరంగుల శాస్త్రం పట్టుకున్నాడు. 1775–76 చలికాలంలో టికొండరోగా కోట నుంచి సుమారు 60 టన్నుల ఫిరంగులను మంచు మీద ఎడ్లబళ్ళతో, స్లెడ్జీలతో బోస్టన్ దరికి చేర్చినవాడు అతడే. ఆ ఫిరంగులు ఎత్తయిన కొండ మీదికి ఎక్కగానే 1776 మార్చి 17న బ్రిటిష్ సేన నగరం విడిచి ఓడలెక్కింది. ఆ సేనతోపాటే లూసీ పుట్టింటివారూ వెళ్ళిపోయారు. అంటే భర్త సాధించిన తొలి ఘనవిజయమే ఆమెను పుట్టింటికి దూరం చేసింది. లేఖ రాసేనాటికి ఆమె వయస్సు ఇరవై ఒకటి. చేతిలో 1776లో పుట్టిన ఆడపిల్ల, దాని పేరూ లూసీయే.

లేఖ నాలుగు రోజుల జబ్బు ప్రస్తావనతో మొదలవుతుంది. మళ్ళీ నిన్ను చూడనేమో అనుకున్నానని చెప్పి, ఇప్పుడు కోలుకున్నానంటుంది. భర్త అంతకుముందు రాసిన ఒక ఉత్తరంలో ఆమె జీవితచరిత్ర చెప్పమని అడిగాడు. దానికి జవాబుగా ఆమె తన దినచర్య వినిపిస్తుంది. సంఘటనలు లేని, చేసిందే మళ్ళీ చేసే జీవితం కాబట్టి నీకు వినోదం కలిగించదేమోనని ముందే క్షమాపణ వంటిది చెప్పుకుంటుంది. ఎనిమిదింటికి లేవడం, ఒక పుట పుస్తకం ఒక గుక్క టీగా గంటసేపు గడపడం, ఇంటి పనులు సవ్యంగా సాగుతున్నాయో లేదో చూసుకోవడం, తర్వాత కుట్టుపని, పుస్తకం, కలం. రెండింటికి ఒంటరి భోజనం. సాయంత్రం గుర్రపుబండిలో ఊరి బయటికి షికారు, లేదా కొద్దిమంది స్నేహితురాళ్ళలో ఒకరి ఇంట టీ.

పైకి ఇది అతి సాధారణమైన పట్టిక. అయితే పట్టిక మధ్యలో ఒంటరి భోజనం దగ్గర కాలం వెనక్కి తిరుగుతుంది. కిటికీ దగ్గర కూర్చుని హారీ రాక కోసం చూసిన రోజులు, అతడు కనబడగానే గుండె గంతువేసిన రోజులు, ఆరునెలల ఎడబాటు అన్న తలపుకే అతడు వణికిపోయి ఉండే రోజులు గుర్తుకువస్తాయి. ఆ తలపు తప్పించుకోవడానికి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. బిడ్డ చేష్టలు ఎంత ముద్దొస్తే, అవి చూడవలసిన తండ్రి లేడన్న బాధ అంత పెరుగుతుంది. ఉదయానికీ మధ్యాహ్నానికీ గడియారపు అంకెలు ఉన్నాయి. ఆ తర్వాత అంకెలు లేవు. ఇల్లు చేరిన రాత్రికి వేళ చెప్పడం ఆమెకు సాధ్యం కాలేదు, లేదా అవసరం అనిపించలేదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ మన అలంకారశాస్త్రం వెంటనే ఒక పేరు అందిస్తుంది. భర్త దేశాంతరంలో ఉండగా వేగిపోయే నాయిక ప్రోషితభర్తృక. కిటికీ దగ్గరి జ్ఞాపకంలో ఆమె స్వాధీనపతిక కూడా. భామాకలాపంలో సత్యభామ లేఖ విని పెరిగిన చెవికి, ప్రేమా అభిమానమూ కలిసి కలం పట్టిన భార్య కొత్త మనిషి కాదు. ఈ పోలిక నిరుపయోగం కాదు. లేఖ మొదటి సగంలోని అవస్థల క్రమాన్ని, స్మృతి నుంచి విషాదానికి, విషాదం నుంచి ఉపాలంభానికి జరిగే నడకను అది చక్కగా పట్టుకుంటుంది. యుద్ధం ఇంకా దక్షిణానికి జరిగితే నేనూ కచ్చితంగా వచ్చి తీరుతానని ఆమె బెదిరించే చోట, శిబిరానికి బయలుదేరబోతున్న ఈ నాయికను అభిసారికగా కూడా లెక్కించవచ్చునేమో! కాని అష్టవిధ నాయికలలో ఎవరికీ డబ్బు లెక్కలు లేవు. లూసీకి ఉన్నాయి. ఇంట్లో ఉన్న కొద్దిపాటి బంగారాన్ని భర్త శత్రువుల చేత చిక్కితే అవసరపడుతుందని దాచి ఉంచాలని ఆమె నిర్ణయిస్తుంది. అటువంటి వేళ ఆదుకొనే స్నేహితులు అరుదని కారణం కూడా చెబుతుంది. విరహం ఎంత తీవ్రంగా ఉన్నా ఆ వాక్యంలో కన్నీరు లేదు. భర్త బందీ కావడమనే ఘోరాన్ని ఇంటి ఖర్చు పద్దులో ఒక అంశంగా రాసుకోగల స్థైర్యం ఉంది. లక్షణగ్రంథం పట్టుకోలేని లూసీ ఇక్కడ మొదలవుతుంది.

లేఖలో అత్యంత శక్తిమంతమైన చోటు విషాదం, ఉపాలంభం కలిసే చోటు. తండ్రిని, తల్లిని, సోదరుణ్ణి, అక్కచెల్లెళ్ళను పూర్తిగా పోగొట్టుకున్నాననీ, అంతకంటె ఎంతో ప్రియమైన ఒకరి కోసం వారిని సంతోషంగానే వదులుకున్నాననీ, ఇప్పుడు ఆ ఒకరూ లేకుండా పోయారనీ ఆమె అంటుంది. అంతవరకు ‘నువ్వు’గా ఉన్న హెన్రీ ఈ వాక్యాలలో ‘అతడు’ అవుతాడు. అతణ్ణి చూసి దాదాపు ఆరు నెలలైంది, మళ్ళీ ఎలా చూడగలనో ఒక్క దారి చూపకుండా అతడు ఉత్తరాలు రాస్తున్నాడు, అని మూడో మనిషికి చెప్పుకున్నట్లు చెబుతుంది. వెంటనే హారీ అని పిలిచి మళ్ళీ ‘నువ్వు’లోకి వస్తుంది. నీ దగ్గర ఉండడానికి ఏ కష్టమైనా పడతాను, నువ్వే ఒప్పుకోవడం లేదు, నీ ప్రణాళిక ఏమిటో చెప్పు, అంటుంది. ఎదురుగా ఉన్న మనిషిని క్షణంసేపు పరోక్షంలోకి నెట్టి, అతడి మీద ఫిర్యాదు వినిపించి, మళ్ళీ పిలవడం ఇది. శిక్షణ పొందిన రచయిత చేస్తే శిల్పమనేవారు.

ఈ సర్వనామాల మార్పు తెలుగు అనువాదకుడిని ఇరుకున పెడుతుంది. ఆంగ్లంలో మధ్యమపురుష ఒక్కటే. తెలుగులో పద్దెనిమిదో శతాబ్దపు సంపన్నకుటుంబపు భార్య సేనాపతి అయిన భర్తను ‘మీరు’ అంటుందా, ‘నువ్వు’ అంటుందా? మన పాత నవలల, నాటకాల అలవాటు ‘మీరు’ వైపే లాగుతుంది. కాని లేఖలో మొదట ‘మీరు’ అని రాసిన మరుక్షణం, చివరలో రాబోయే సమాన ఆధిపత్యపు వాదం ముందే ఓడిపోతుంది. బహువచనంలో పిలుస్తూ సమానత్వం అడగడం తెలుగులో అసాధ్యం కాకపోవచ్చు, అయితే అది మరో లేఖ అవుతుంది. లోకంలో తనకున్న ఒకే ఒక స్నేహితుడు అతడని లూసీ స్పష్టంగా అంటుంది. స్నేహితుణ్ణి ‘నువ్వు’ అనడమే న్యాయం. ఆ ఏకవచనంలో ఉన్న చనువు నుంచే ఆ వాదం పుట్టింది.

విషాదం తర్వాత లేఖ వార్తలలోకి, వ్యవహారాలలోకి తిరుగుతుంది. చుట్టూ తిరిగి చేరిన ఒక కబురు ప్రకారం తండ్రి ఇప్పటికీ ఆ ప్రావిన్సు కార్యదర్శి హోదాలో ఏడాదికి 300 పౌన్ల జీతం తీసుకుంటున్నాడు. ఆ ప్రావిన్సు రాజు చేతిలో లేదు, కార్యదర్శి ఆ ఒడ్డున ఉన్నాడు, జీతం మాత్రం అందుతోంది. తమాషాగా లేదూ, అని లూసీ భర్తను అడుగుతుంది. కొన్ని పంక్తుల కిందట పూర్తిగా పోగొట్టుకున్నానని విలపించిన తండ్రి గురించే ఈ మాట. దీనిని కఠినత్వంగా చదివితే పొరపాటు. కన్నీళ్ళను, హాస్యాన్ని ఒకే చేత్తో రాసే స్వభావం ఆమెది. ఈ స్వరాన్ని గుర్తించని పఠనానికి అసలు వాక్యం కూడా అందదు.

ఇక ఆ వాక్యం. దానికి ముందు నడుస్తున్న ప్రస్తావన వ్యాపారం. యుద్ధం తర్వాత హెన్రీ మళ్ళీ వర్తకంలోకి రావలసిన మనిషి. చిరకాలం ఆజ్ఞలు జారీచేయడానికి అలవాటుపడి, వర్తక వ్యవహారాలకు పనికిరానంత గర్విష్ఠిగా తయారవుతాడేమోనని లూసీ భయపడుతుంది. వెనువెంటనే, అయినా నీ ఇంటికి నువ్వే సర్వసేనానివని అనుకోవు కదా, అని ఆశిస్తుంది. సమాన ఆధిపత్యమనేది ఒకటుందని నమ్ము, దు కూడ్రే వ్యవహారంలో మాత్రం వద్దు, అంటుంది.

దు కూడ్రే ఎవరో హెన్రీకి వివరించనక్కర లేదు, ఆ వేసవి అంతా అతడి నిద్ర చెడగొట్టిన మనిషి. పారిస్‌లో అమెరికా ప్రతినిధి సైలస్ డీన్, ట్రాన్సన్ దు కూడ్రే అనే ఫ్రెంచి ఫిరంగిదళ అధికారికి మేజర్ జనరల్ హోదా, అమెరికా ఫిరంగిదళం మొత్తం మీద ఆధిపత్యం ఇస్తామని ఒప్పందం చేశాడు. ఆ పదవి నాక్స్‌ది. వార్త తెలిసి నాక్స్, నేథనేల్ గ్రీన్, జాన్ సలివన్ 1777 జులై ఆరంభంలో, ఆ నియామకం నిజమైతే తమ పదవులు వదులుకుంటామని కాంగ్రెస్‌కు వేర్వేరుగా రాశారు. కాంగ్రెస్ కోపగించింది. చివరకు ఆగస్టు 11న దు కూడ్రేకు ఆయుధాగారాల పర్యవేక్షణ అప్పగించి, ఫిరంగిదళాన్ని నాక్స్ కిందనే ఉంచింది. లూసీ లేఖ దీని తర్వాత పన్నెండు రోజులకు రాసినది. అదే ఏడాది సెప్టెంబరు మధ్యలో దు కూడ్రే గుర్రం బల్లకట్టు మీది నుంచి ష్యూల్‌కిల్ నదిలోకి దూకి, రౌతును ముంచివేసింది.

ఈ నేపథ్యంలో ఉపవాక్యం చేసే పని గమనించదగినది. హెన్రీ ఆధిపత్యాన్ని మరొకరితో పంచుకోవడానికి నిరాకరించి, రాజీనామా దాకా వెళ్ళి గెలిచిన మనిషి. లూసీ అతడి చేతిలోని ఆయుధాన్నే అతడికి చూపిస్తుంది. సైన్యంలో నీ వాదన సరైనదే, దళానికి ఒకే అధిపతి ఉండాలి, ఆ ఫ్రెంచివాడికి వాటా అక్కర లేదు. కాని ఇల్లు దళం కాదు. ఒక్క ఉపవాక్యంతో ఆమె భర్త వృత్తిగౌరవాన్ని సమర్థించింది, ఆ గౌరవం ఇంటి గడప దాటి లోపలికి రాకూడదని గీత గీసింది. ఆధిపత్యపు తర్కం అంతటా తప్పని ఆమె అనలేదు. ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో విభజించింది. నినాదం కంటె ఇది సూక్ష్మమైన వాదం. భర్త ఒప్పుకోకుండా తప్పించుకోవడం కూడా కష్టం, ఎందుకంటే ఈ వాదంలో సగం అతడిదే.

మూడు చుక్కలు పెట్టి ఈ మాటను తీసివేసినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. పాఠకుడికి దు కూడ్రే ఎవరో తెలియదు, వివరణకు చోటు లేదు. అమెరికా విప్లవకాలపు స్త్రీల అనుభవాన్ని వారి ఉత్తరాల నుంచి, దినచర్యల నుంచి తిరిగి నిర్మించిన మేరీ బెత్ నార్టన్, లిండా కర్బర్‌ల గ్రంథాలు రెండూ 1980లో వెలువడ్డాయి. ఆనాడు స్త్రీల కంఠాన్ని వినిపించడమే మొదటి అవసరం. కాని వినిపించడం అలవాటైన తర్వాత వాక్యం వాక్యంగా చదవవలసిన బాధ్యత మిగిలి ఉంటుంది. ఇదే కాలంలో అబిగైల్ ఆడమ్స్ 1776 మార్చి 31న భర్త జాన్‌కు రాస్తూ, కొత్త చట్టాలు చేసేటప్పుడు స్త్రీలను మరచిపోవద్దని కోరింది. జాన్ సైనికుడు కాడు, కాంగ్రెస్ సభ్యుడు. కనుక ఆమె చట్టం భాషలో మాట్లాడింది. లూసీ ఎదుట ఉన్నవాడు సేనాని, కనుక ఆమె హోదాల భాషలో మాట్లాడింది. ఇద్దరూ భర్తల వృత్తిభాషను అరువు తెచ్చుకున్నారు. వివాహితకు విడిగా ఆస్తిహక్కు లేని ఆనాటి ఆంగ్లన్యాయపు నీడలో, అటువంటి కోరికకు స్త్రీల సొంత పరిభాష ఇంకా ఏర్పడలేదని దీన్నిబట్టి ఊహించవచ్చు. కాని అబిగైల్ అడిగింది దేశాన్ని. లూసీ అడిగింది ఒక్క ఇంటిని. ఈ తేడాను చెరిపి ఇద్దరినీ ఒకే ఉద్యమానికి పూర్వగాములుగా నిలబెట్టడం తొందరపాటు.

హెన్రీ ఇంటిలో సేనానిలా ప్రవర్తించిన సందర్భం కూడా రికార్డులో ఉంది. 1776 వేసవిలో లూసీ న్యూయార్కులో అతడి దగ్గరే ఉండగా బ్రిటిష్ నౌకలు రేవులోకి ప్రవేశించాయి. భార్యను భద్రమైన చోటికి పంపవలసి వచ్చిన ఆ గడబిడలో, ముందే ఎందుకు వెళ్ళలేదని ఆమె మీద మండిపడ్డానని హెన్రీ తమ్ముడికి స్వయంగా రాసుకున్నాడు. అతడి కోపంలో భయం ఉంది, అది అర్థం చేసుకోదగినదే. కాని ఆ రోజు నుంచి ఆమె ఎక్కడ ఉండాలన్నది అతడు నిర్ణయించే విషయమైంది. నువ్వే ఒప్పుకోవడం లేదన్న ఫిర్యాదుకు, సర్వసేనాని అన్న చమత్కారానికి మధ్య ఉన్న బంధం ఇదే. లేఖలో ఆ రెండింటి మధ్య దూరం ఉంది కాబట్టి, ఒక్క వాక్యాన్ని కోసి తీసుకొనే పఠనం ఆ బంధాన్ని చూడదు.

అనువాదంలో అసలు చిక్కు ఆ ఒక్క పదంతో. ‘సమానాధికారం’ అంటే ఇరవయ్యో శతాబ్దపు సభావేదిక గుర్తుకువస్తుంది, సైన్యం మాయమవుతుంది. ‘సమాన ఆధిపత్యం’లో సైన్యం కొంత నిలుస్తుంది. అందుకే ఈ వ్యాసం దాన్ని వాడింది. కాని అది పుస్తకాల మాట, ఇంటి మాట కాదు. ఇంటికి తగిన తెలుగుమాట ‘పెత్తనం’. ఇంట్లో పెత్తనం ఎవరిదన్న ప్రశ్న తెలుగు కుటుంబంలో ఎవరికీ వివరించనక్కర లేదు. అత్త పెత్తనం, మగవాడి పెత్తనం అనడంలో ఫిర్యాదు కూడా కలిసే ఉంటుంది. ఇంటికి నువ్వే సర్వసేనానివి కావు, పెత్తనం ఇద్దరిదీ, అని రాస్తే లూసీ గొంతు వినిపిస్తుంది. అప్పుడు దు కూడ్రేతో పెత్తనం పంచుకోవద్దన్న చమత్కారం కూడా నిలబడుతుంది, సైన్యం మీద పెత్తనం అనడం తెలుగులో వింత కాదు కాబట్టి. తూకం వేస్తే ఈ పదమే బరువు. దు కూడ్రే పేరును మాత్రం అనువాదకుడు వదలకూడదు. పాఠకుడు ఆ పేరు దగ్గర తడబడినా సరే, అడుగున ఒక వివరణ చాలు.

ఈ లేఖను ప్రశంసించేటప్పుడు ఒక విషయం దాటవేయకూడదు. ఇంటి పనులు సవ్యంగా సాగుతున్నాయో లేదో చూసుకున్నానని లూసీ రాసింది. పనులు చేసినవారెవరో రాయలేదు. టీ కాచినవారు, బండి కట్టినవారు లేఖలో లేరు. అదే యుద్ధంలో సామాన్య సైనికుల భార్యలు బట్టలుతుకుతూ, వంటలు చేస్తూ, రోగులకు సేవచేస్తూ సేన వెంట నడిచారు. భర్త దగ్గర ఉండడానికి ఏ కష్టమైనా పడతానని లూసీ కాగితం మీద అన్న మాటను వారు కాళ్ళతో నడిచి చూపారు. సేనాపతి పత్రాలు భద్రపడ్డాయి కాబట్టి అతడి భార్య మాట మిగిలింది. పెత్తనం ఇద్దరిదీ అన్నప్పుడు ఆ ఇద్దరి పెత్తనం కింద ఉన్నవారి లెక్క ఆ వాక్యంలో లేదు. ఇది లూసీని తగ్గించడం కాదు, ఆమె వాక్యం ఎంతవరకు చాచుకుందో కొలవడం.

ప్రణాళిక ఏమిటో చెప్పమని ఆమె అడిగిన రెండు రోజులకే, ఆగస్టు 25న, హౌ సేన చెసపీక్ అఖాతం ఎగువన దిగింది. ఆమె భయపడినట్లే యుద్ధం దక్షిణానికి జరిగింది. సెప్టెంబరు 11న బ్రాండీవైన్ వద్ద నాక్స్ ఫిరంగులు పోరాడాయి, సేన ఓడింది. ఫిలడెల్ఫియా పోయింది, శిబిరం వ్యాలీ ఫోర్జ్‌కు మారింది. 1778 మే నెలలో లూసీ తన చిన్నారితో ఆ శిబిరానికి చేరుకుంది. ఆ తర్వాతి చలికాలం ప్లకమిన్ శిబిరంలో భర్త దగ్గరే గడిపింది.